పాత కారు బ్యాటరీ ఎందుకు దిగిపోతుంది? – ఛార్జింగు లోపమును కనిపెట్టు విధానం

మన పాల సంఘాల సభ్యులలో కొందరి ఇళ్ళలో నేటికీ పాత అంబాసిడర్ కార్లు, పాత జీపులు ఉన్నాయి. అంబాసిడర్ తయారీ 1950ల చివర మొదలై 2014 మే నెలలో నిలిచిపోయినా, ఆ బళ్ళు ఇంకా పల్లెల్లో తిరుగుతూనే ఉన్నాయి. పొద్దున సంఘానికి పాల క్యాన్లు చేర్చడానికి, పశువుల డాక్టరును తీసుకొని రావడానికి, అర్ధరాత్రి ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగులేకపోతే పట్నం తీసుకుపోవడానికి ఇవే దిక్కు. అటువంటి బండి తెల్లవారుజామున సెల్ఫ్ కొడితే "టక్" మని ఊరుకుంటే ఎంత నష్టమో వేరుగా చెప్పనక్కరలేదు. పితికిన పాలు చల్లబడే యంత్రం దాకా వేళకు చేరకపోతే వేసవిలో అవి పులిసిపోతాయి. పులిసిన పాలకు ధర రాదు.

ఇటువంటి సమయంలో సాధారణంగా జరిగేది ఏమిటంటే, "బ్యాటరీ పోయింది" అని కొత్తది కొనడం. నెల రోజులు బాగానే ఉంటుంది. ఆపైన కొత్త బ్యాటరీ కూడా దిగిపోతుంది. లోపం బ్యాటరీలో లేక ఛార్జింగులో ఉన్నప్పుడు ఇలాగే జరుగుతుంది. బ్యాటరీ గేదె కాదు, క్యాను మాత్రమే. పితికి పోసేవారు లేకపోతే కొత్త క్యాను తెచ్చినా ఖాళీగానే ఉంటుంది. కనుక డబ్బు ఖర్చు పెట్టే ముందు లోపం ఎక్కడున్నదో వరుసగా పరీక్షించి తెలుసుకొనవలెను. దీనికి ఒక హైడ్రోమీటరు, ఒక మల్టీ మీటరు, ఒక చిన్న టెస్టు ల్యాంపు ఉంటే చాలు.

ఛార్జింగు ఏర్పాటులో ఉండే భాగాలు

ఇంజను తిరిగేటప్పుడు ఫ్యాను బెల్టు ద్వారా డైనమో గాని, ఆల్టర్నేటరు గాని తిరుగుతుంది. బాగా పాత బళ్ళలో డైనమో ఉంటుంది. తరువాత వచ్చిన వాటిలో ఆల్టర్నేటరు ఉంటుంది. మన మెకానిక్కులు రెండింటినీ డైనమో అనే పిలుస్తారు గాని, పరీక్షించే పద్ధతి వేరు కనుక మీ బండిలో ఏది ఉన్నదో ముందు తెలుసుకొనండి. డైనమో సన్నగా పొడవుగా గొట్టంలాగా ఉంటుంది. దాని వైర్లు ఇంజను పక్క గోడకు బిగించిన రెగ్యులేటరు పెట్టెకు పోతాయి. ఈ పెట్టెనే కటౌట్ అంటారు. ఆల్టర్నేటరు పొట్టిగా లావుగా, గాలి పోవడానికి కన్నాలతో ఉంటుంది.

ఆల్టర్నేటరులో పుట్టే కరెంటు అటూ ఇటూ మారే కరెంటు. దానిని ఒకే దిక్కుకు మళ్ళించడానికి లోపల డయోడ్లు ఉంటాయి. కరెంటు మితిమీరకుండా రెగ్యులేటరు కాపాడుతుంది. అక్కడినుండి వైరు ద్వారా బ్యాటరీకి చేరి, బండి బాడీ ద్వారా తిరిగి వస్తుంది. ఈ తిరుగుదారినే ఎర్తు అంటారు. బెల్టు, డైనమో, రెగ్యులేటరు, వైర్లు, ఎర్తు, బ్యాటరీ – ఈ ఆరింటిలో ఏ ఒక్కటి చెడినా పైకి కనిపించే లక్షణం ఒక్కటే: సెల్ఫ్ తిరగదు. అందుకే లక్షణాన్ని చూసి నిర్ణయించరాదు. ఒక్కొక్కటే చూసి తీసివేయవలెను.

మొదటి మెట్టు: కంటితో, చేతితో చూడవలసినవి

ఇంజను ఆపి, తాళం తీసివేసి, బానెట్ ఎత్తండి.

1. బెల్టు: రెండు పుల్లీల నడుమ పొడవైన భాగాన్ని బొటనవేలితో నొక్కండి. సుమారు అర అంగుళం లోపలికి పోవలెను. అంతకు మించి పోతే బెల్టు వదులైనట్లు. అసలు కదలకపోతే బిగువు ఎక్కువై బేరింగు అరిగిపోతుంది. బెల్టు లోపలి అంచులు అద్దంలాగా మెరుస్తున్నా, నూనె పట్టి ఉన్నా జారుతుంది. హెడ్‌లైట్లు వేసి ఇంజను వేగం పెంచినప్పుడు "కీచు" మనే శబ్దం వస్తే అది బెల్టు జారుతున్న గుర్తు.

2. బ్యాటరీ టెర్మినళ్ళు: వాటిమీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకొని ఉంటే కరెంటు సరిగా పారదు. వైర్లు ఊడదీసి, తినే సోడా కలిపిన గోరువెచ్చని నీటితో కడగండి. ఆ నీరు బ్యాటరీ లోపలికి పోకుండా మూతలు బిగించి ఉంచవలెను. ఆరిన తరువాత బిగించి, పైన వాసలైను పూయండి.

3. ఎర్తు: బ్యాటరీ నుండి బాడీకి, ఇంజను నుండి బాడీకి పోయే పట్టీలను చూడండి. బోల్టు కింద తుప్పు, పెయింటు ఉంటే గీకి శుభ్రం చేయవలెను. పాత బళ్ళలో చాలా సార్లు లోపం ఇక్కడే దొరుకుతుంది. దీనికి ఖర్చు కూడా లేదు.

రెండవ మెట్టు: ఎర్రదీపం చెప్పే మాట

డాష్‌బోర్డు మీద ఛార్జింగు ఎర్రదీపం ఉంటుంది. అది ఐదు విధాలుగా మాట్లాడుతుంది.

ఇంజను స్టార్టు చేయకుండా తాళం మాత్రం తిప్పితే దీపం వెలగవలెను. స్టార్టు కాగానే ఆరిపోవలెను. ఇది సరైన పద్ధతి.

తాళం తిప్పినా వెలగకపోతే బల్బు మాడి ఉండవచ్చు, వైరు ఊడి ఉండవచ్చు, ఆల్టర్నేటరులో కార్బను బ్రష్షులు అరిగి ఉండవచ్చు. దీనిని తేలికగా తీసుకోరాదు. చాలా ఆల్టర్నేటర్లలో మొదటి కరెంటు ఈ బల్బు ద్వారానే అందుతుంది. అది అందకపోతే ఆల్టర్నేటరు మంచిదైనా పని మొదలుపెట్టదు. చవకైన బల్బు మాడినందుకు మొత్తం ఆల్టర్నేటరును మార్చినవారు ఉండవచ్చునంటే ఆశ్చర్యం లేదు.

ఇంజను తిరుగుతున్నా దీపం వెలుగుతూనే ఉంటే ఛార్జింగు జరగడం లేదు. మినుకుమినుకుమంటూ మసకగా వెలుగుతుంటే డయోడు గాని, ఏదో ఒక జాయింటు గాని చెడి ఉండవచ్చు. తాళం తీసివేసిన తరువాత కూడా ఆల్టర్నేటరు బండిలో దీపం వెలుగుతుంటే డయోడు చెడి బ్యాటరీ కరెంటు వెనక్కు కారిపోతున్నట్లు అనుమానించవలెను. అటువంటి బండికి రాత్రిపూట బ్యాటరీ వైరు ఊడదీసి ఉంచి, వెంటనే బాగు చేయించండి.

మూడవ మెట్టు: హైడ్రోమీటరు – బ్యాటరీకి లాక్టోమీటరు

సంఘంలో పాలు పోసే ప్రతివారికీ లాక్టోమీటరు తెలుసు. అది 28 చూపితే పాల సాంద్రత 1.028 అని అర్థం. నీళ్ళు కలిస్తే అంకె పడిపోతుంది. హైడ్రోమీటరు కూడా అదే సూత్రం మీద పనిచేస్తుంది. బ్యాటరీలో నీరు, గంధకికామ్లం కలిసి ఉంటాయి. బ్యాటరీ దిగిపోయే కొద్దీ ఆమ్లం పలకలలోకి చేరి, ద్రవంలో నీటి పాలు ఎక్కువవుతుంది. అంకె పడిపోతుంది. ఛార్జి ఎక్కే కొద్దీ ఆమ్లం తిరిగి ద్రవంలోకి వచ్చి అంకె పెరుగుతుంది.

మన వేడి ప్రాంతాలలో పూర్తిగా ఛార్జి అయిన కారు బ్యాటరీ సుమారు 1.240 నుండి 1.260 వరకు చూపుతుంది. తయారీదారు బ్యాటరీ మీద వేరే అంకె ముద్రించి ఉంటే దానినే ప్రమాణంగా తీసుకోండి. 1.200 దగ్గర ఉంటే సగం దాకా దిగినట్లు. 1.130కి తక్కువైతే దాదాపు ఖాళీ అయినట్లు. పాల వేడిని బట్టి లాక్టోమీటరు అంకెను సవరించినట్లే ఇక్కడ కూడా సవరణ ఉన్నది. 27 డిగ్రీలకు మించి ప్రతి 10 డిగ్రీలకు 0.007 కలుపుకొనవలెను.

ఆరు గదులనూ విడివిడిగా చూసి కాగితం మీద రాసుకోండి. అన్నీ సమానంగా తక్కువగా ఉంటే బ్యాటరీ ఆకలితో ఉన్నది. అంటే ఛార్జింగు లోపమో, రాత్రిపూట కరెంటు కారడమో కారణం. ఐదు గదులు 1.240 చూపి ఒక్కటి 1.150 చూపితే ఆ గది చెడిపోయింది. గదుల మధ్య తేడా 0.050కి మించితే బ్యాటరీనే మార్చవలసి వస్తుంది. నీళ్ళు పోసిన వెంటనే కొలవరాదు. నీరు పైపైనే ఉండి తప్పు అంకె చూపుతుంది. మూతలు తీయడానికి వీలులేని బ్యాటరీ అయితే ఈ మెట్టు వదిలి తరువాతి మెట్టుకు పోండి.

ఇక్కడ ముఖ్యమైన హెచ్చరిక. అంకె తక్కువగా ఉన్నదని సంఘంలో వెన్న శాతం పరీక్షకు వాడే గెర్బర్ యాసిడ్‌ను బ్యాటరీలో పోయరాదు. దాని సాంద్రత 1.800 పైన ఉంటుంది. అది నీళ్ళు తగిలితే సలసల కాగి మీదికి చిమ్ముతుంది. పలకలు కూడా నాశనమవుతాయి. బ్యాటరీ నుండి ఆవిరయ్యేది నీరే గాని ఆమ్లం కాదు. కనుక కలపవలసినది డిస్టిల్డ్ వాటరు మాత్రమే. బావినీరు, బోరునీరు పనికిరావు. అలాగే బ్యాటరీ హైడ్రోమీటరును పాల గదిలోకి తీసుకుపోరాదు. బ్యాటరీలోని సీసం విషపదార్థం.

నాలుగవ మెట్టు: మల్టీ మీటరుతో మూడు కొలతలు

మీటరును 20 వోల్టుల డి.సి. మీద పెట్టి, రెండు పుల్లలను బ్యాటరీ పోస్టులకే ఆనించండి. బాగా పాత విదేశీ నమూనా బళ్ళలో పాజిటివ్ ఎర్తు ఉండేది. కనుక ఏ పోస్టు బాడీకి కలిసి ఉన్నదో ముందే చూసుకోవలెను.

మొదటి కొలత: బండి రాత్రంతా నిలిచిన తరువాత పొద్దున్నే. 12.6 లేదా పైన ఉంటే నిండుగా ఉన్నది. 12.2 అయితే సగం. 12.0 అయితే పావు భాగమే మిగిలింది.

రెండవ కొలత: ఒకరు సెల్ఫ్ కొడుతుండగా మరొకరు చూడవలెను. అంకె 9.5 కంటే కిందికి పోరాదు. నిండుగా ఉన్న బ్యాటరీ కూడా అంతకంటే పడిపోతే బ్యాటరీ బలహీనమైనది, లేదా సెల్ఫ్ మోటారు ఎక్కువ కరెంటు లాగుతున్నది.

మూడవ కొలత: ఇంజను స్టార్టు చేసి, యాక్సిలరేటరు కొంచెం తొక్కి పట్టండి. అంకె 13.8 నుండి 14.4 మధ్యకు ఎక్కవలెను. తరువాత హెడ్‌లైట్లు వేయండి. కొంచెం తగ్గినా 13.2కు పైనే నిలబడితే ఛార్జింగు బాగున్నది. పొద్దున చూసిన అంకె దగ్గరే ఉండి, లైట్లు వేస్తే ఇంకా పడిపోతుంటే ఛార్జింగు లేదని తేలింది. 15కు మించితే రెగ్యులేటరు చెడి ఎక్కువ ఛార్జి పోతున్నది. అప్పుడు బ్యాటరీ నీరు వారం వారం తగ్గిపోవడం, ఘాటైన వాసన రావడం, బల్బులు తరచు మాడిపోవడం కూడా గమనించగలరు.

పూర్తిగా దిగిపోయిన బ్యాటరీతో ఈ పరీక్ష చేస్తే అంకె వెంటనే ఎక్కదు. ముందుగా బ్యాటరీని షాపులో నిండుగా ఛార్జి చేయించి తరువాత కొలవండి.

ఐదవ మెట్టు: దారిలో పోయే నష్టం

ఆల్టర్నేటరు 14.2 ఇస్తున్నా బ్యాటరీకి 13.2 మాత్రమే చేరుతుంటే దారిలో ఒక వోల్టు పోతున్నది. దీనిని కనిపెట్టడం సులభం. ఇంజను తిరుగుతూ, లైట్లు వెలుగుతూ ఉండగా మీటరు ఒక పుల్లను ఆల్టర్నేటరు పెద్ద వైరు బోల్టుకు, రెండవ పుల్లను బ్యాటరీ పాజిటివ్ పోస్టుకు ఆనించండి. 0.5 కంటే ఎక్కువ చూపరాదు. తరువాత ఒక పుల్లను ఆల్టర్నేటరు ఒంటికి, రెండవదానిని బ్యాటరీ నెగెటివ్ పోస్టుకు ఆనించండి. 0.2 కంటే ఎక్కువ చూపరాదు. మొదటిది ఎక్కువైతే వైరు, జాయింట్లు. రెండవది ఎక్కువైతే ఎర్తు బాగు చేయవలెను. రెండూ బాగుండి, ఎర్రదీపం సరిగా వెలిగి, ఛార్జింగు మాత్రం లేకపోతే అప్పుడే ఆల్టర్నేటరును విప్పించవలెను. అప్పుడు కూడా మొత్తం మార్చనక్కరలేదు. బ్రష్షులు, రెగ్యులేటరు, డయోడ్లు విడిగా మార్చవచ్చు.

డైనమో బళ్ళకు వేరు పరీక్ష

డైనమో వెనుక డి అనే పెద్ద టెర్మినల్, ఎఫ్ అనే చిన్న టెర్మినల్ ఉంటాయి. ఇంజను ఆపి ఈ రెండు వైర్లూ ఊడదీయండి. రెండు టెర్మినళ్ళను చిన్న వైరు ముక్కతో కలపండి. మీటరును ఈ ముక్కకు, డైనమో ఒంటికి మధ్య పెట్టి ఇంజను స్టార్టు చేసి, మెల్లగా వేగం పెంచండి. అంకె తొట్రుపాటు లేకుండా చకచక పెరగవలెను. 20 దాకా పోనీయక ముందే వేగం తగ్గించవలెను. ఇంజనును గట్టిగా తొక్కరాదు.

అలా పెరిగితే డైనమో బాగున్నది. లోపం కటౌట్ లేదా వైర్లలో ఉన్నది. అసలు అంకె రాకపోతే బ్రష్షులు చూడవలెను. అర నుండి ఒక వోల్టు మాత్రమే వస్తే ఫీల్డు చుట్టలో లోపం. దాదాపు సగం, అంటే 5, 6 వోల్టుల దగ్గర ఆగితే ఆర్మేచరు చుట్టలో లోపం ఉండవచ్చు. ఈ పరీక్ష డైనమోకు మాత్రమే. ఆల్టర్నేటరుకు ఎన్నడూ చేయరాదు.

రాత్రిపూట కరెంటు కారుతుంటే

ఛార్జింగు బాగానే ఉండి తెల్లవారేసరికి బ్యాటరీ దిగుతుంటే ఎక్కడో కరెంటు కారుతున్నది. తాళం తీసి, తలుపులన్నీ మూసి, బ్యాటరీ ఎర్తు వైరు ఊడదీయండి. ఆ వైరుకు, పోస్టుకు మధ్య 12 వోల్టుల టెస్టు ల్యాంపు కలపండి. దీపం వెలిగితే కారుతున్నట్లు. ఒక్కొక్క ఫ్యూజు తీసి చూడండి. ఏది తీస్తే దీపం ఆరిందో లోపం ఆ దారిలో ఉన్నది. డిక్కీ దీపం, హారను వైరు, తరువాత పెట్టించిన టేప్‌రికార్డరు తరచు దొరికే దొంగలు. ఫ్యూజులన్నీ తీసినా ఆరకపోతే టెస్టు ల్యాంపు తీసి, ఆల్టర్నేటరు పెద్ద వైరు విప్పి, దాని కొన బాడీకి తగలకుండా గుడ్డ చుట్టి, మళ్ళీ ల్యాంపు కలపండి. ఇప్పుడు వెలగకపోతే డయోడ్లే కారణం. టెస్టు ల్యాంపు కలిపి ఉండగా సెల్ఫ్ కొట్టరాదు.

ఎంతసేపు బండి నడుస్తుంది?

దారిలో ఎర్రదీపం వెలిగితే ఇల్లు చేరగలమా అన్నది లెక్క వేసుకోవచ్చు. రెండు హెడ్‌లైట్లకు 120 వాట్లు, మిగిలిన దీపాలకు 30 వాట్లు – మొత్తం 150 వాట్లు. 12 చేత భాగిస్తే 12.5 ఆంపియర్లు. పెట్రోలు ఇంజను కాయిలుకు 3, 4 ఆంపియర్లు కలిపితే సుమారు 16. నిండుగా ఉన్న 60 ఆంపియర్-అవర్ల బ్యాటరీ కాగితం మీద నాలుగు గంటలకు లోపే వస్తుంది. సగం నిండిన పాత బ్యాటరీ అయితే రెండు గంటలు కూడా రాదు. లైట్లు అంతకు ముందే మసకబారతాయి. పగలు అయితే అనవసరమైనవన్నీ ఆపి, ఇంజను ఆపకుండా దగ్గరి షాపుకు పోవచ్చు. రాత్రి అయితే మసక లైట్లతో ప్రయాణం చేయరాదు. పాత డీజిలు ఇంజను కరెంటు లేకున్నా చాలావరకు నడుస్తుంది గాని, ఆపితే మళ్ళీ స్టార్టు కాదు. అయితే బెల్టు తెగి దీపం వెలిగిందేమో ముందు దిగి చూడండి. చాలా బళ్ళలో ఆ బెల్టే నీటి పంపును కూడా తిప్పుతుంది. బెల్టు తెగిన బండిని నడిపితే ఇంజను కాగి పాడవుతుంది.

చేయరానివి

ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ వైరు ఊడదీసి "ఇంజను ఆగకపోతే ఛార్జింగు ఉన్నట్లే" అని చూసే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. ఆల్టర్నేటరు బండికి ఇది ప్రమాదం. ఒక్క క్షణంలో డయోడ్లు మాడిపోతాయి.

బ్యాటరీ విప్పేటప్పుడు ఎర్తు వైరును ముందు తీయవలెను, బిగించేటప్పుడు చివర బిగించవలెను. ప్లస్, మైనస్ తారుమారు కారాదు.

ఛార్జి అయ్యే బ్యాటరీ నుండి మండే వాయువు వస్తుంది. దగ్గర బీడీ, అగ్గిపుల్ల, దీపపు బుడ్డి ఉండరాదు.

ఇంజను తిరిగేటప్పుడు కండువా, చీర చెంగు, జడ బెల్టు దగ్గరకు రానీయరాదు. ఉంగరాలు, కడియాలు తీసివేయవలెను.

ఆమ్లం కంట్లో పడితే వెంటనే మంచినీటితో కనీసం 15 నిమిషాలు కడిగి డాక్టరు దగ్గరకు పోవలెను.

పాత బ్యాటరీని చెత్తలో గాని, పశువుల కొట్టం దగ్గర గాని పడవేయరాదు. పశువులు నాకితే సీసం విషమెక్కి చనిపోగలవు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం కూడా దానిని సేకరించేవారికే అప్పగించవలెను. కొత్తది కొనే షాపులో ఇస్తే ధరలో తగ్గింపు కూడా లభిస్తుంది.

ఒక ఉదాహరణ

ఒక బండి పొద్దున 12.1 చూపింది అనుకుందాం. సెల్ఫ్ బరువుగా తిరిగింది. ఇంజను నడుస్తుండగా 12.0. హైడ్రోమీటరు ఆరు గదులలోనూ 1.180 నుండి 1.190. బెల్టు బిగువు సరిపోయింది. తాళం తిప్పితే ఎర్రదీపం వెలగలేదు. దీనినుండి ఏమి తెలుస్తుంది? గదులన్నీ సమానంగా ఉన్నాయి కనుక బ్యాటరీ చెడిపోలేదు, ఆకలితో ఉన్నది. 12.0 కనుక ఛార్జింగు లేదు. దీపం వెలగలేదు కనుక మొదట చూడవలసినది బల్బు, దాని వైరు. కొత్త బ్యాటరీ కాదు, కొత్త ఆల్టర్నేటరు అసలే కాదు. బల్బు మార్చి, బ్యాటరీని ఛార్జి చేయించి, మళ్ళీ మూడు కొలతలు తీసుకోవలెను. అప్పుడు కూడా దీపం వెలగకపోతే వైరు, ఆ తరువాత బ్రష్షులు.

మీ కొలతలను కాగితం మీద రాసుకొని షాపుకు తీసుకుపోండి. "బ్యాటరీ దిగుతున్నది" అని చెప్పడానికీ, "పొద్దున 12.1, నడుస్తుంటే 12.0, దీపం వెలగదు" అని చెప్పడానికీ ఎంతో తేడా ఉన్నది. రెండవ మాట విన్న మెకానిక్కు నేరుగా పని మొదలుపెడతాడు. అనవసరమైన సామాను అంటగట్టడానికి అవకాశం తగ్గుతుంది.

సంఘ సమావేశంలో చర్చించుటకు ప్రశ్నలు

1. ఆరు గదులలో ఐదు 1.250, ఒకటి 1.160 చూపితే లోపం ఎక్కడ?
2. ఇంజను నడుస్తుండగా 15.4 వోల్టులు వస్తే ఏ భాగాన్ని అనుమానించవలెను?
3. గెర్బర్ యాసిడ్‌ను బ్యాటరీలో ఎందుకు పోయరాదు?
4. ఆల్టర్నేటరు బండిలో ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ వైరు ఎందుకు ఊడదీయరాదు?

ప్రతి సంఘంలో ఒక మల్టీ మీటరు, ఒక హైడ్రోమీటరు కొని పాల గదికి దూరంగా ఉంచుకుంటే బండి ఉన్న సభ్యులందరికీ ఉపయోగపడతాయి. నెలకు ఒకసారి పది నిమిషాలు వెచ్చించి చూసుకునే బండి తెల్లవారుజామున క్యాన్లతో దారిలో నిలిచిపోయే ప్రమాదం చాలా తగ్గుతుంది.